కుట్లు వేసే ముందు రెండు నిమిషాలు: క్యాజువాలిటీ డాక్టర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా, ఏరియా ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో రాత్రనక పగలనక డ్యూటీ చేసే డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, ఆ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు నమస్కారం.

తెగిన నరాలను అతికే సర్జన్లం, ఆ తర్వాత చేతిని దారికి తెచ్చే ఫిజియోథెరపిస్టులం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మా దగ్గరికి చేరే పేషెంటు చాలాసార్లు మీ చేతుల మీదుగానే వస్తాడు. మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. తెగిన నరానికి గడువుంటుంది. అది గాయమైన రోజు నుంచే లెక్క. ఆ గడువు ఏ చీటీలోనూ రాసి ఉండటం లేదు.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. తెలుగులో ‘నరం’ అన్న మాటకు హద్దుల్లేవు. సెలైన్ ఎక్కించేది నరానికే. పిక్క పట్టేస్తే నరం మీద నరం ఎక్కిందంటాం. మడమ వెనకాల గట్టిగా తగిలేదీ నరమే, కోపమొస్తే మెడ మీద ఉబ్బేదీ నరమే. అందువల్ల ‘నరం తెగిందండీ’ అంటూ గుడ్డ చుట్టుకుని పరిగెత్తుకొచ్చిన మనిషి మాటకు క్యాజువాలిటీలో పెద్ద విలువ ఉండదు. రక్తనాళం కాబోలు అనుకుని ఒత్తిపడతారు, రక్తం ఆగగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ ఉత్తరంలో నరం అంటే వెన్నుపాము నుంచి కండరానికి ఆజ్ఞ మోసుకెళ్లి, చర్మం నుంచి స్పర్శను వెనక్కి తెచ్చే తెల్లటి తాడు మాత్రమే. కండను ఎముకకు కట్టే టెండన్‌ను టెండన్ అనే పిలుద్దాం.

కిటికీ అద్దం పగిలి మణికట్టు దగ్గర దిగుతుంది. లేదా కొడవలి జారుతుంది, గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పడుతుంది, సంక్రాంతికి మాంజా కోస్తుంది. గాయం చూస్తే రెండంగుళాలు కూడా ఉండదు. నాలుగు సిల్కు కుట్లు, టీటీ, యాంటీబయాటిక్, పదో రోజు వచ్చి కుట్లు విప్పించుకోమని చీటీ. వేళ్లు కదులుతున్నాయి కదా అని డాక్టరుకూ ధైర్యం, ఇంటివాళ్లకూ ధైర్యం. ‘కాస్త తిమ్మిరిగా ఉందండీ’ అంటే ‘వాపు తగ్గితే అదే పోతుంది’ అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు నమ్ముకుని నాలుగు నెలలు గడిచిపోతాయి.

వేళ్లు కదలడం ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో, అంటే గాయానికి పైన ఉన్నాయి. వాటికి పోయే నరపు కొమ్మలు మోచేయి దాటిన కాసేపటికే విడిపోతాయి. కాబట్టి మణికట్టు దగ్గర అరచేతికి పోయే మీడియన్, అల్నార్ నరాలు రెండూ పూర్తిగా తెగినా, టెండన్లు మిగిలి ఉంటే పిడికిలి చక్కగా బిగుస్తుంది. పోయేది అరచేతిలోని చిన్న కండరాలు, వేలికొసల్లో స్పర్శ. అవి ఆ రాత్రి కనిపించవు. మూడు వారాలకు బొటనవేలి మొదట్లో దుబ్బ కరిగిపోయి, చిటికెన, ఉంగరపు వేళ్లు పక్షి గోళ్లలా వంగాక కనిపిస్తాయి.

తెగిన నరంలో ఏం జరుగుతుందో మీరు ఎంబీబీఎస్‌లో చదివిందే, పరీక్షతో పాటు మరిచిపోయి ఉంటారు. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుకకు పోయే నరాలు కోసి చూపించాడు: కోతకు కింది భాగంలోని తంతువులన్నీ కొద్ది రోజుల్లో ముక్కలై కరిగిపోతాయి. వాటి పైతొడుగు మాత్రం మిగులుతుంది. తంతువులను చుట్టి ఉండే ష్వాన్ కణాలు ఆ చెత్తను ఊడ్చి, ఖాళీ గొట్టాలను పట్టుకుని కూర్చుంటాయి. కోతకు పైన బతికున్న తంతువుల కొసల నుంచి కొత్త మొలకలు వస్తాయి. వాటికి దారి దొరికితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, నెలకు ఒక అంగుళం సాగుతాయి. దొరక్కపోతే అక్కడే చిక్కుపడి ముద్ద కడతాయి. ముట్టుకుంటే కరెంటు షాకు కొట్టే న్యూరోమా అదే.

ఇటు మొలక తన నడకన నడుస్తుంటే అటు కండరం ఊరికే ఎదురుచూస్తూ కూర్చోదు. ఆజ్ఞ అందని కండరంలో నరం అతుక్కునే చోట్లు క్రమంగా చెడిపోతాయి, కండ సన్నబడి కొవ్వూ పీచూ పేరుకుంటాయి. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటితే నరం చేరినా కండ పలకదు. స్పర్శకు ఈ గడువు ఇంత కఠినంగా ఉండదు, ఆలస్యంగా అతికినా వేలికి రక్షణకు సరిపడా స్పర్శ తెప్పించవచ్చు.

ఈ లెక్క మీ క్యాజువాలిటీ బల్ల మీదే వేసుకోవచ్చు. అల్నార్ నరం మణికట్టు దగ్గర తెగితే అరచేతి కండరాలకు దూరం ఎనిమిది, పది సెంటీమీటర్లు. వెంటనే అతికితే నాలుగు నెలల్లో చేరుతుంది, బోలెడు వ్యవధి ఉంది. అదే నరం మోచేయి దగ్గర తెగితే దూరం ముప్పై సెంటీమీటర్ల పైమాటే. అంటే తొలిరోజే అతికినా ఏడాది ప్రయాణం. అక్కడ మీరు ‘ఆరు నెలలు చూద్దాం’ అన్నారంటే గడువు దారిలోనే తీరిపోయినట్టు. మా దృష్టిలో ఆర్థో, క్యాజువాలిటీ ఓపీల్లో పేషెంటుకు అన్నిటికన్నా ఖరీదు పడే మాట ఈ ‘ఆరు నెలలు చూద్దాం’ అన్నదే.

మేం అడుగుతున్న పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఒక గుండుసూది, ఒక కాగితం ముక్క ఉంటే సరిపోతుంది. షరతు ఒక్కటే: లోకల్ ఎనస్తీషియా ఇవ్వక ముందే చేయాలి. జైలోకెయిన్ ఎక్కించాక స్పర్శ లేదంటే అది మందు పనో, గాయం పనో ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్ థియేటర్‌లో బ్లాకు ఇచ్చే ముందూ ఇదే షరతు.

స్పర్శకు మూడు చోట్లు గుర్తుంటే చాలు. చూపుడు వేలి కొస మీడియన్ నరానిది, చిటికెన వేలి కొస అల్నార్‌ది, చేతి వెనక బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ ఉన్న గుంట రేడియల్‌ది. మిగతా చోట్ల నరాలు ఒకదాని ఇలాకాలోకి ఒకటి చొచ్చుకొస్తాయి, వాటి మీద ఆధారపడొద్దు. అడిగే తీరులోనే చాలా ఉంది. ‘తెలుస్తోందా?’ అని అడిగితే తొంభై పాళ్లు ‘తెలుస్తోంది’ అనే అంటారు. నొక్కుడు పక్క కీలు దాకా పాకుతుంది, అదే స్పర్శ అనుకుంటారు. కళ్లు మూయించండి. ముందు బాగున్న చేతి వేలి మీద సూది ఆనించి ‘ఇది పదహారణాలు అనుకో’ అనండి. తర్వాత దెబ్బతిన్న చేతి అదే వేలి మీద అంతే ఒత్తిడితో ఆనించి ‘ఇది ఎన్నణాలు?’ అని అడగండి. కుర్రాళ్లకు అణాలు తెలియవంటే వంద రూపాయలనుకోమనండి. ‘ఇరవై’ అన్నాడంటే నరం మీద అనుమానం పెట్టుకోవాల్సిందే.

కదలికలకూ మూడే. అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టించి బొటనవేలిని నేరుగా పైకప్పు వైపు లేపమనండి, మీ వేలితో అడ్డుపడండి: మీడియన్. చూపుడు, బొటన వేళ్ల నడుమ కాగితం పట్టించి లాగండి: బొటనవేలి కణుపు గట్టిగా వంగిపోతే అల్నార్ పని చేయడం లేదు. మణికట్టు పైకెత్తి, బొటనవేలిని లిఫ్టు అడిగినట్టు నిలబెట్టమనండి: రేడియల్. రేడియల్‌లో ఒక మోసం ఉంది, జాగ్రత్త. మణికట్టు వాలిపోయిన చేతిని అరచేతి కింద ఆసరా ఇచ్చి చాపమంటే వేలి చివరి కణుపులు నిటారుగా సాగుతాయి. అది అల్నార్, మీడియన్ నరాల కింద పనిచేసే చిన్న కండరాల చలవ. వేలి మొదటి కణుపు, పిడికిలి గుబ్బ దగ్గరది, లేస్తోందా లేదా అన్నదే చూడాలి. మోచేయి దిగువన లోతుగా దిగిన గాయాల్లో ఇంకో తిరకాసు ఉంటుంది: మణికట్టు లేస్తుంది, వేళ్లు మాత్రం లేవవు. అదీ నరం దెబ్బే.

కాలికైతే మోకాలి బయటివైపు ఎముక గుబ్బ దగ్గర తగిలిన ప్రతి దెబ్బకూ పాదం, కాలి బొటనవేలు పైకి లేపించి చూడండి. గట్టిగా బిగిసిన పిండికట్టు కూడా అక్కడి పెరోనియల్ నరాన్ని నొక్కేయగలదు. కట్టు వేసిన మర్నాడు మళ్లీ చూడాలి.

చిన్నపిల్లలు ఏడుస్తారు గాని చెప్పరు. వాళ్ల చేతిని అడిగి తెలుసుకోవచ్చు. స్పర్శ పోయిన వేలికి చెమట పట్టదు. ప్లాస్టిక్ పెన్నును అడ్డంగా వేలి మీద మెల్లగా జరిపితే మంచి వేలికి కాస్త పట్టేస్తూ పోతుంది, నరం తెగిన వేలి మీద గాజు మీద జారినట్టు జారుతుంది. గాయం మానాక అనుమానం మిగిలితే చేతిని 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచండి. మంచి వేళ్లు ముడతలు పడతాయి, నరం లేని వేలు నున్నగానే ఉంటుంది. ఈ సంగతిని 1973లో ఒరియన్ అనే డాక్టరు వైద్య పత్రికలో రాశాడు. అరగంట పాటు పిల్లాడి చేతికి బకెట్లో ఆటబొమ్మ ఇస్తే సరి.

రక్తం చిమ్ముతుంటే కంగారులో గాయంలోకి ఆర్టరీ ఫోర్సెప్స్ గుచ్చి దొరికినదాన్నల్లా పట్టేయడం మేం ఎక్కువగా చూసే తప్పు. మణికట్టులో అల్నార్ ధమని, అల్నార్ నరం ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అద్దం శుభ్రంగా కోసిన నరాన్ని ఫోర్సెప్స్ నలిపేస్తే, నేరుగా అతికే గాయం కాస్తా ముక్క కోసేసి కాలి నరం తెచ్చి వేయాల్సిన గాయంగా మారుతుంది. చెయ్యి పైకెత్తి, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు వదలకుండా ఒత్తండి. మధ్యమధ్యలో ఆగిందా అని ఎత్తి చూడొద్దు. అప్పటికీ ఆగకపోతే బీపీ కఫ్ పైచేతికి బిగించి టైము రాసుకుని పంపండి.

ఎప్పుడు పంపాలన్నదానికి మూడు మూళ్ల సూత్రం ఉంది. అద్దం, కత్తి, బ్లేడు వంటివి శుభ్రంగా కోసిన గాయమైతే మూడు రోజుల్లో. మిషన్‌లో నలిగిన, చిరిగిన, మట్టి పట్టిన గాయమైతే ముందు శుభ్రం చేయించి, నరాన్ని మూడు వారాలకు అతకాలి. నలిగిన భాగం ఎంతవరకు చెడిందో అప్పటికి గాని తేలదు. చర్మం తెగకుండా లోపల దెబ్బ తగిలితే మూడు నెలలు గమనించాలి, మూడు నెలలకు కోలుకునే జాడ లేకపోతే తెరిచి చూడాలి. మూడు రోజుల లెక్కకు ఇంకో కారణమూ ఉంది. తెగిన నరపు కింది కొసకు మరో 72 గంటల దాకా కరెంటు తగిలిస్తే కండరం కదులుతుంది. లోపల ఏ కొమ్మ కండరానిదో, ఏది చర్మానిదో గుర్తుపట్టడానికి సర్జన్‌కు అదొక వెలుగు. ఆ తర్వాత అది ఆరిపోతుంది.

అదే రాత్రి పంపడం కుదరకపోతే కంగారేం లేదు. గాయాన్ని సెలైన్‌తో బాగా కడిగి, చర్మాన్ని వదులుగా మూసి, స్ప్లింట్ వేసి, మూడు రోజుల్లో చేరేలా చీటీ రాయండి. గాయంలో తెల్లటి కొస కనిపించినా సిల్కుతోనో క్యాట్‌గట్‌తోనో ముడి వేసే ప్రయత్నం చేయొద్దు. టెండన్‌ను నరం అనుకుని, నరాన్ని టెండన్‌కు కలిపేసి కుట్టినవి మేం విప్పుతుంటాం. తేడా ఇది: టెండన్ ముత్యపు రంగులో గట్టిగా, నున్నగా మెరుస్తుంది. నరం కాస్త పసుపు ఛాయతో మెత్తగా ఉంటుంది, పైన సన్నటి రక్తనాళం ఒకటి పాకుతూ కనిపిస్తుంది, కొసలో అన్నపు మెతుకుల్లాంటి గుబ్బలు ఉంటాయి. మీరు చేయగలిగితే ఒక్క మేలు చేయండి. కొసలు లోపలికి లాక్కుపోకుండా నీలం రంగు ప్రోలిన్ 6-0 దారంతో నరపు పైపొరకు మాత్రం ఒక్క కుట్టు వేసి పక్క పొరకు నిలపండి. చీటీలో ‘నీలం కుట్టు, మీడియన్ పై కొస’ అని రాయండి. మూడు వారాలకు మచ్చల మధ్య మేం గంటసేపు వెతికే పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

పెద్ద ఆసుపత్రిలో ఆ తర్వాత జరిగేదాన్ని కొంత విప్పి చెబుతాం. ఆలస్యానికి ఎక్కడ వెల పడుతుందో అర్థమవుతుందని. మైక్రోస్కోప్ కింద కొసను చెక్క స్పాచులా మీద పెట్టి, కొత్త బ్లేడుతో మిల్లీమీటరు చొప్పున చెక్కుతారు. మచ్చ ఉన్నంతవరకు కోత తెల్లగా, గట్టిగా, మొద్దుగా కనిపిస్తుంది. మంచి చోటు రాగానే లోపలి కట్టలు ఒక్కొక్కటిగా గింజల్లా పైకి ఉబుకుతాయి, సన్నటి నెత్తుటి చుక్కలు పొడుస్తాయి. అక్కడ ఆగుతారు. పైపొర మీద పాకే రక్తనాళం గీతను రెండు కొసల మీదా కలిపి చూసుకుని, వెంట్రుక కన్నా సన్నని 9-0 నైలాన్‌తో పైపొరకు మాత్రం కుట్లు వేస్తారు. కుట్లు బిగిసినా లోపలి కట్టలు మడతపడతాయి, ఎక్కువైనా మచ్చే. కొసలు ఒక్క 8-0 కుట్టుకు నిలబడకపోతే లాగి కుట్టడం తప్పు. నరాన్ని దాని పొడవులో 8 శాతం సాగదీస్తేనే లోపలి రక్తప్రసరణ మందగిస్తుందని, 15 శాతానికి పూర్తిగా ఆగిపోతుందని కుందేళ్ల నరాలపై చేసిన ప్రయోగాలు చూపించాయి.

తొలి వారంలో వస్తే ఒక్కో కొసన రెండు మిల్లీమీటర్లు చెక్కితే సరిపోతుంది. నాలుగు నెలలకు వస్తే న్యూరోమాతో కలిపి ఒక్కో వైపు సెంటీమీటరు, ఒక్కోసారి రెండు పోతాయి. కొసలు కూడా దూరం జరిగి ఉంటాయి. నాలుగు సెంటీమీటర్ల సందు తేలికగా తేలుతుంది. అప్పుడు పిక్క వెనకాల నుంచి సూరల్ నరం తీయాలి. కాలికి ముప్పై, నలభై సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది. ముక్కలు చేసి, సందు కన్నా కొంచెం పొడవుగా, కేబుల్ తీగల్లా పక్కపక్కన పేర్చి కుడతారు, లేదా ఫైబ్రిన్ గ్లూతో అతుకుతారు. లాగి కుట్టడం కన్నా ఇదే మేలని 1972లో వియన్నాకు చెందిన హన్నో మిల్లేసి నిరూపించాడు. కానీ మొలకలు ఒక కుట్టు కాదు, రెండు కుట్లు దాటాలి. పాదం బయటి అంచున స్పర్శ పోతుంది. మీ క్యాజువాలిటీలో మొదలైన తిమ్మిరికి కాలు కూడా జరిమానా కట్టినట్టవుతుంది.

ఇక చర్మం తెగని దెబ్బలు. బైకు మీద నుంచి ఎగిరి భుజం మీద పడిన కుర్రాళ్ల సంగతి మీకు మా కన్నా బాగా తెలుసు. హెల్మెట్ తలను కాపాడుతుంది. తల ఒక వైపు, భుజం మరో వైపు లాగబడితే మెడలోంచి చేతికి వచ్చే నరాల పందిరి, బ్రేకియల్ ప్లెక్సస్, సాగిపోతుంది, కొన్నిసార్లు వేర్లతో సహా వెన్నుపాము నుంచి ఊడిపోతుంది. తలకు దెబ్బ తగిలి వెంటిలేటర్ మీద ఉంటే చెయ్యి కదలని సంగతి పది రోజుల దాకా ఎవరి కంటా పడదు. కాలర్ ఎముక విరిగిన ప్రతివాడి చేతినీ చూడండి. మోచేయి వంచగలడా, భుజం లేపగలడా? ఆ వైపు కనురెప్ప వాలి, కనుపాప చిన్నదిగా ఉందా? ఉంటే కింది వేరు ఊడిందని గట్టి అనుమానం. చెస్ట్ ఎక్స్‌రేలో ఆ వైపు డయాఫ్రం పైకి లేచి ఉంటే పై వేర్లకూ దెబ్బ తగిలి ఉండొచ్చు. ఊడిన వేరును కుట్టడానికి ఏమీ మిగలదు, అది తనంత తాను రాదు. అక్కడ మూడు నెలలు ఎదురు చూడటం కూడా దండగ.

ఈ కేసులకు మర్నాడే నరం కరెంటును మోస్తోందా అని చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష రాసి పంపడం డబ్బు వృథా. తెగిన నరపు కింది భాగం తొలి కొన్ని రోజులు కరెంటుకు పలుకుతూనే ఉంటుంది. రిపోర్టు ‘నార్మల్’ అని వస్తుంది, ఆ కాగితం చూపించి ఇంకో మూడు నెలలు కాలక్షేపం అవుతుంది. కండరంలో సూది పెట్టి చూసే ఈఎంజీ పరీక్షలో కండరం నరం లేక అల్లాడుతున్న జాడలు రెండు మూడు వారాలకు గాని కనబడవు. కాబట్టి మూడు, నాలుగు వారాలకు మొదటిసారి, పన్నెండో వారంలో రెండోసారి చేయించండి. ఆరు వారాల లోపు ప్లెక్సస్ చూసే సర్జన్ దగ్గర పేషెంటు ఒకసారి నిలబడి ఉండాలి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ వంటి చోట్ల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఆపరేషన్‌కు మూడు నుంచి ఆరు నెలల మధ్య కాలం మంచిది. తొమ్మిది నెలలు దాటాక ఫలితం జారిపోతుంటుంది.

తొందరగా వస్తే ఏం చేయగలరో కూడా చెప్పాలి, ఎందుకంటే ‘ప్లెక్సస్ పోతే చెయ్యి పోయినట్టే’ అన్న పాత నమ్మకం ఇంకా తిరుగుతోంది. 1994లో పారిస్ సర్జన్ క్రిస్టోఫ్ ఓబెర్లిన్ ఒక ఉపాయం చెప్పాడు. ప్లెక్సస్ పై వేర్లు పోయి మోచేయి వంగని చేతిలో అల్నార్ నరం బాగానే ఉంటుంది. దానిలోంచి ఒక్క కట్టను విడదీసి, పైచేతిలోనే బైసెప్స్ నరానికి కలిపేయడమే. మెడ దగ్గర నుంచి ముప్పై సెంటీమీటర్లు నడవాల్సిన మొలక ఇప్పుడు నాలుగైదు సెంటీమీటర్లు నడిస్తే చాలు. అల్నార్‌కు ఆ ఒక్క కట్ట లోటు పెద్దగా తెలియదు. 2003లో బ్యాంకాక్‌కు చెందిన సోమ్‌సాక్ లీచవెంగ్‌వాంగ్స్ భుజానికీ ఇలాంటి దారే చూపించాడు, ట్రైసెప్స్ కొమ్మ ఒకటి తెచ్చి డెల్టాయిడ్ నరానికి. పొలానికి కాలువ నీరు రాకపోతే పక్క బోరు నుంచి పైపు వేసుకున్నట్టు. కాకపోతే పైరు ఎండిపోక ముందే వేయాలి.

పైచేతి ఎముక విరిగి మణికట్టు వాలిపోయిన వాళ్ల సంగతి వేరు. అక్కడ చర్మం తెగకపోతే రేడియల్ నరం చాలామందిలో తనంత తానే కోలుకుంటుంది, ఆగడమే సరైన పని. ఆగడానికీ తేదీ ఉండాలి. మొదట తిరిగొచ్చేది మోచేయి దగ్గర బ్రేకియోరేడియాలిస్ కండ, మూడు నాలుగు నెలలకు చేతికి తగలాలి. తగలకపోతే పంపండి. రాడ్డో ప్లేటో వేసే ముందు మణికట్టు లేస్తోందా అని కేస్ షీట్‌లో ఒక్క వాక్యం రాసుకోండి. ఆపరేషన్ తర్వాత లేవలేదని తెలిసినప్పుడు ఆ వాక్యం మిమ్మల్నీ కాపాడుతుంది.

ఇంజెక్షన్ దెబ్బ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పిరుదులో డైక్లోఫెనాక్ వేయగానే కాలు పొడవునా కరెంటు పాకి, పాదం వాలిపోయి వచ్చే వాళ్లు ఇంకా వస్తున్నారు. ఆర్‌ఎంపీని తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు, మన వార్డుల్లోనూ జరుగుతుంది. పేషెంటు కేక వేస్తే సిరంజిలో మిగిలిన మందు లోపలికి తోసేయకుండా అక్కడికక్కడే సూది తీసేయాలి. పిరుదు పైభాగం బయటి మూల తప్ప వేరే చోటు వద్దు, తుంటి పక్క భాగం ఇంకా భద్రం. పసిపిల్లలకు తొడ ముందు, బయటి వైపే. పాదం వాలితే ఆ రోజే స్ప్లింట్. మూడు నెలలకు కదలిక రాకపోతే సర్జన్ దగ్గరికి.

కోలుకుంటోందా లేదా తెలుసుకోవడానికి మిషన్ కూడా అక్కర్లేదు. 1915లో జూల్ టినెల్ చెప్పినట్టు, నరం దారి వెంట కింది నుంచి పైకి వేలితో మెల్లగా తట్టుకుంటూ పోండి. మొలకలు చేరిన చోట తట్టగానే వేలికొసల్లో చీమలు పాకినట్టుంటుంది. అక్కడ బాల్ పాయింట్ పెన్నుతో గీత గీసి, మణికట్టు మడత నుంచి ఎన్ని సెంటీమీటర్లో కొలిచి చీటీలో రాయండి, లేదా పేషెంటు ఫోన్‌లోనే ఫొటో తీయించండి. నెలకు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి జరిగితే నడుస్తోంది. రెండు నెలలు ఒకే చోట ఉండిపోతే ఆగిపోయింది. ఈ పని ఏ ఏరియా ఆసుపత్రిలోనైనా చేయొచ్చు.

మిథైల్‌కోబాలమిన్ ఇంజెక్షన్ల గురించి ఒక్క మాట. ఒంట్లో బీ12 తక్కువున్న వాళ్లకు అది మందే. రెండు ముక్కలైన తాడును అది అతకదు. ‘నరాల బలానికి’ అని నెలనెలా రాసిచ్చే ఆ కోర్సు వల్ల పోయేది డబ్బు ఒక్కటే అయితే మేం ఇంతగా అనం. ఏదో వైద్యం జరుగుతోందన్న భరోసాతో పేషెంటు ఇంట్లో కూర్చుండిపోతాడు.

ఎదురుచూసే కాలంలో అసలు కావాల్సింది కీళ్లు బిగుసుకోకుండా చూడటం. అల్నార్ పోయిన చేతికి పిడికిలి గుబ్బల దగ్గర వంచి ఉంచే స్ప్లింట్, రేడియల్‌కు మణికట్టు లేపి ఉంచే కాకప్ స్ప్లింట్, పాదానికి అది వాలకుండా నిలిపే ఏఎఫ్ఓ స్ప్లింట్. రోజుకు నాలుగైదు సార్లు రెండో చేత్తో ప్రతి కణుపునూ పూర్తిగా వంచి, చాపాలి. నరం తిరిగొచ్చే నాటికి కీలు చెక్కలా ఉంటే ఆ నరం ఎవరికి పని చేయాలి? ఇంటివాళ్లకు ఇంకో సంగతి గట్టిగా చెప్పండి. స్పర్శ లేని చేతికి వేడి తెలియదు. టీ గ్లాసు, పెనం, బైకు సైలెన్సర్, ఆరని బీడీ, ఇవన్నీ బొబ్బలెక్కాక గాని కనబడవు.

అప్పటికే రెండేళ్లు దాటిన వాళ్లు సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్ కోసం మీ ముందు కూర్చుంటారు. సంతకం పెట్టే ముందు వాళ్ల కీళ్లు వంచి చూడండి. మెత్తగా ఉంటే, పనిచేస్తున్న టెండన్ ఒకటి దారి మళ్లించి మణికట్టునో పాదాన్నో లేపవచ్చు. వెల్లూరులో సర్జన్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్టు సోకిన చేతులకు మొదలుపెట్టిన పని ఇదే. దీనికి గడువు లేదు. పెన్షన్ రాసిస్తూనే రిఫరల్ కూడా రాయవచ్చు, ఒకటి ఇస్తే ఇంకోటి పోదు.

మెడికో లీగల్ కేసుల్లో మరో చిక్కుంది. రెండంగుళాల గాయం కదా అని ఊండ్ సర్టిఫికెట్‌లో ‘సింపుల్’ అని రాసేస్తే, ఆరు నెలలకు వేళ్లు పక్షి గోళ్లలా వంగాక దాన్ని మార్చడం ఎంత కష్టమో మీకు తెలుసు. అవయవం శక్తి శాశ్వతంగా తగ్గితే అది పాత ఐపీసీ 320 కిందా, ఇప్పటి బీఎన్ఎస్ 116 కిందా తీవ్ర గాయమే. నరం మీద అనుమానం ఉంటే అభిప్రాయం వాయిదా వేసి, కారణం రాయండి.

సూపరింటెండెంట్లను మేం పెద్దవేం అడగడం లేదు. మైక్రోస్కోపులు కొనమనడం లేదు. క్యాజువాలిటీకి ఒక రబ్బరు స్టాంపు చేయించండి. చేతికో కాలికో కోత పడి వచ్చిన ప్రతి ఓపీ చీటీ మీద, డిశ్చార్జి సమ్మరీ మీద అది పడాలి. అందులో ఇంతే ఉండాలి:

మత్తు ఇవ్వక ముందు చూసినది. మీడియన్, అల్నార్, రేడియల్, పెరోనియల్: స్పర్శ ఉంది / తగ్గింది / లేదు. కదలిక ఉంది / లేదు. గాయమైన తేదీ. మళ్లీ చూపించాల్సిన తేదీ. మూడు నెలలు నిండే తేదీ.

ఆ చివరి తేదీకి గడి కాస్త పెద్దదిగా చెక్కించండి. చదువు రాని వాళ్ల కోసం దాన్ని నోటితో కూడా చెప్పమని సిస్టర్‌కు చెప్పండి.

ఇట్లు,
నరాలు అతికే సర్జన్లం, ఫిజియోథెరపిస్టులం కొందరం